మాల తీసే రోజు

గురుస్వామి గిద్దలూరులో బయలుదేరినాడని ఫోను వచ్చింది. సరళ ఇంకా ఇల్లు కడగలేదు.

కాటమరాజు పంచలో నిలబడి కోడలి వైపు చూశాడు. ఆమె గొర్రెల దొడ్డి ఊడ్చి వచ్చి, చేతులు కడుక్కొని, తీరిగ్గా జుట్టు ముడి వేసుకుంటోంది. నడవలో రాత్రి పరిచిన చాపలు అట్లే ఉన్నాయి. గడపకు పసుపు లేదు. మంచం మీద కాషాయం పంచె, కండువా, రుద్రాక్షమాల మాత్రం ముసలాయన తన చేత్తోనే సర్ది పెట్టుకున్నాడు.

"ఏమ్మే, చెవులకు ఏమొచ్చింది నీకు? కోడి కూసినకాడ్నుంచి చెప్తాండా. చాపలెత్తు, ఇల్లు కడుగు అని."

"విన్నా మామా."

"విని?"

"కడగను."

ఆ ఇంట్లో కాదనే మాట కాటమరాజే అంటాడు. ఇంకొకరి నోట వినడం ఆయనకు చేతగాదు.

"రోజూ కడిగే పొద్దుకు కడుగుతా. మాల కోసమని కడగను," అంది సరళ.

పెరట్లో సరళ మొగుడు వీరాంజనేయులు తలస్నానం చేస్తున్నాడు. పుష్యమాసం చలి. దీక్ష తీసుకునేవాడు చన్నీళ్లే పోసుకోవాలి. లోపలి మాటలు అతనికి వినపడ్డాయి. వెంటనే ఇంకో చెంబు గుమ్మరించుకున్నాడు. ఇంట్లో గొడవ మొదలైతే ఏదో ఒక చప్పుడు చెయ్యడం అతని పద్ధతి.

"ఊరంతా చెప్పినా," అన్నాడు కాటమరాజు. "రాచర్లలో మనోళ్లందరికీ చెప్పినా. నా కొడుకు మళ్లీ శివమాల వేస్తాండాడు, మనిషి దావకొచ్చినాడు అని."

"చెప్పింది నువ్వు. నన్నడిగి చెప్పలేదు."

"నిన్నడగాల్నా నేను?"

"నువ్వొద్దులే మామా. అడిగే ఆయన ఆటోలో వస్తాండాడు గదా."

అది నిజం. ముసలాయన పళ్లు కొరుక్కోవడం తప్ప చేసేదేమీ లేదు.

గిద్దలూరులో ఎరువుల దుకాణం పెట్టుకున్న ప్రకాశరావు గురుస్వామికి ఒక పట్టింపు ఉంది. మాల వేసేముందు ఇంటికి వస్తాడు. గడప బయట నిలబడి, ఇల్లాలిని పిలిచి, నీకు సమ్మతమేనా తల్లీ అని అడుగుతాడు. ఆమె తన నోటితో సరే అంటేనే గుడికి తీసుకుపోయి మాల వేస్తాడు. మిగతా గురుస్వాములు ఇంత పట్టించుకోరు. ఈయన పట్టించుకుంటాడు.

సరళ ఇంతకుముందు అడిగినప్పుడల్లా సరే అంది. సంతోషంగానే అంది. గడపకు పసుపు రాసి, ముగ్గు పెట్టి మరీ అంది.

ఎందుకనదు? మాల మెడలో పడితే మొగుడు దేవుడయ్యేవాడు. తెల్లవారుజామున లేచేవాడు. గొంతు తగ్గేది. రోడ్డు పక్క బ్రాందీషాపు వైపు తల తిప్పేవాడు కాదు. ఊళ్లో అందరూ స్వామీ అనేవాళ్లు. కన్నతండ్రి స్వామీ అనేవాడు. ఆమె కూడా అంది. అదే అసలు మనిషి, తాగేవాడు ఎవడో పరాయివాడు అనుకుంది.

తప్పు. అసలు మనిషి లోపల కూర్చుని ఎదురు చూస్తుండేవాడు. మాల తీసే రోజు ఎప్పుడో వాడికి తెలుసు.

పోయిన శివరాత్రికి దోర్నాల మీదుగా అడవిలో నడిచి శ్రీశైలం పోయాడు. పాదాలు బొబ్బలెక్కాయి. అక్కడ మాల తీశాడు. తిరుగు ప్రయాణంలో దోర్నాల బస్టాండులో దిగి తాగాడు. ఇంటికి తెచ్చిన ప్రసాదం సంచిలో బ్రాందీ వాసన వచ్చింది. దీక్షలో తాగనిదంతా కలిపి ఆ ఎండాకాలమంతా తాగాడు. వానలు పడ్డాక ఒకనాడు మంద వెనక నడుస్తూ నెత్తురు కక్కుకున్నాడు. ఒంగోలు డాక్టరు సరళను పక్కకు పిలిచి, ఇంకొక్కసారి తాగితే మనిషి దక్కడమ్మా, నా దగ్గరికి తెచ్చినా లాభం లేదు అన్నాడు.

ఆసుపత్రి మంచం మీద అతను చెయ్యి పైకెత్తాడు. హాస్టల్లో చదువుకుంటున్న కూతురు పావని మీద ఒట్టు వెయ్యబోయాడు. సరళ ఆ చెయ్యి పట్టుకుని దుప్పటి కిందికి దింపింది.

"ఒట్లొద్దు బావా. ఇంటికి పోయినాక పొద్దుగూకితే నువ్వు సంగటి గెలకాల. అంతే."

అతనికి అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పలేదు.

పొద్దుగూకి మంద దొడ్డికి చేరేవేళకు అతనికి మొదలయ్యేది. ముందు చేతులు వణికేవి. తర్వాత నాలుక ఎండేది. తర్వాత నోట్లోకి అబద్ధం వచ్చేది. ఇట్ల పోయి అట్ల వస్తా అనేవాడు. సరిగ్గా ఆ వేళకు సరళ ఎసరు పెట్టి తెడ్డు చేతికిచ్చేది. పిండి పడ్డాక సంగటిని వదిలి లేవడానికి లేదు. వదిలితే ఉండలు కడుతుంది, అడుగంటుతుంది. కుండను కాళ్ల మధ్య ఇరికించుకొని రెండు చేతులా గెలకాలి. గెలికి, ముద్దలు చేసి, అందరికీ పెట్టి, తాను తిని లేచేసరికి ఒళ్లు అలిసి కళ్లు మూతలు పడతాయి. బ్రాందీషాపు మూసేస్తారు. మరుసటి రోజు మళ్లీ అదే.

ఒకరోజు కుండ ఎత్తి పడేశాడు. ఒకరోజు గెలుకుతూ ఏడ్చాడు. ఇంకోరోజు చెప్పులేసుకొని వాకిలి దాకా పోయి, అక్కడే చాలాసేపు నిలబడి, తిరిగొచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. ఆమె పిండి పోసింది.

రేపు తాగవు గదా అని ఏనాడూ అడగలేదు. రేపటితో ఆమెకు పని లేదు.

ఊరు నవ్వింది. మొగోడు సంగటి గెలకడమేంది అంది. తాగి కాలవలో పడినప్పుడు ఆ ఊరు ఇంతగా నవ్వలేదు. కాటమరాజుకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ సంగటి మాత్రం ఏ పూటా మానకుండా తిన్నాడు.

వీరాంజనేయులు ఒళ్లు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. మంచం మీది కాషాయం బట్టల వైపు ఒకసారి, పెళ్లాం వైపు ఒకసారి చూశాడు.

"ఎందుకే అడ్డం పడ్తావు? మంచి పనే గదా చేస్తాండా."

"ఇప్పుడు చేస్తాండేది చెడ్డ పనా?"

"అట్లనలేదు."

"మాలేస్తే యాడుంటావు?"

"సన్నిధానంలో. అందరు స్వాములు యాడుంటారో ఆడనే."

"పొద్దుగూకితే ఏం చేస్తావు?"

"భజన."

"భజన అయిపోయినాక, శివరాత్రి అయిపోయినాక, మాల తీసినాక, పొద్దుగూకితే ఏం చేస్తావు బావా?"

అతను తడి తువ్వాలు పిండాడు. ఇందాకే పిండి ఉన్నాడు, నీళ్లు రాలలేదు.

"అప్పుడు మళ్లీ సంగటి గెలుకుతాలే," అన్నాడు చివరికి.

"గెలకవు. ఒకసారి తెంచితే నువ్వు మళ్లీ కట్టవు. నాకు తెలుసు, నీకూ తెలుసు."

"నీకేం తెలుసే?" అతని గొంతు పెరిగింది. "మాలేస్తే నన్ను మనిషిగా చూస్తారు. ఎదురొచ్చినోడు పక్కకు తప్పుకుంటాడు. స్వామీ అని కాళ్లు పట్టుకుంటారు. ఈ పొయ్యి కాడ ఇన్నాళ్లు కూర్చున్నా గదా, ఒక్కడన్నా వచ్చి బాగుండావా వీరాంజనేయులూ అన్నాడా? నువ్వన్నా అన్నావా?"

అవును, సరళ అనలేదు. మెచ్చుకుంటే పొంగిపోతాడని, పొంగితే పని చెడుతుందని భయపడింది. రోజూ పళ్లెం పెట్టుకొని తిని లేచింది. అంతే.

వాకిట్లో ఆటో ఆగింది.

ముందు సీట్లోంచి మహేష్ దిగాడు. ఆటో అతనిదే. ఒంటి మీద కాషాయం, నుదుటి మీద విభూతి. వీరాంజనేయులుతో కలిసి తాగినవాడు, కలిసి మాల వేసినవాడు, కలిసి తీసినవాడు. వెనక సీట్లోంచి ప్రకాశరావు గురుస్వామి నెమ్మదిగా దిగాడు. పెద్దమనిషి. మోకాళ్ల నొప్పి. చేతిలో గుడ్డసంచి.

"ఓం నమశ్శివాయ," అన్నాడు కాటమరాజు, ఎదురుపోయి వంగి. "రాండి స్వామీ, రాండి."

"వదినా," అన్నాడు మహేష్ నవ్వుతూ, "ఒక్క మండలం నీ సంగటి మొగుణ్ణి మాకియ్యి. చేతులు కాయలు కాసుంటాయి, పాపం. సన్నిధానంలో స్వాములకు కూడా ఒక కుండ గెలికి పెడ్తాడులే."

"ఇస్తాలే మహేష్ స్వామీ," అంది సరళ. "పోయిన శివరాత్రికి దోర్నాల బస్టాండులో మొదటి గ్లాసు ఎవరు పోసినారో గురుస్వామి ముందర చెప్పు. ఇస్తా."

మహేష్ నవ్వు ఆగిపోయింది. ఆటో అద్దం తుడవడానికి పోయాడు.

గురుస్వామి గడప వైపు చూశాడు. పసుపు లేదు. నడవలో చాపలు. చూసి, చూడనట్టే గడప బయట నిలబడ్డాడు.

"తల్లీ, నీ భర్త దీక్ష తీసుకుంటాండాడు. నీకు సమ్మతమేనా?"

"కాదు స్వామీ."

ఆయన చాలా ఇళ్ల ముందు ఆ మాట అడిగాడు. ఇట్లాంటి జవాబు ఏ ఇంట్లోనూ వినలేదు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"దానికి మతి లేదు స్వామీ!" కాటమరాజు మధ్యలోకి దూకాడు. "ఆడదాని మాటేంది, నేను చెప్తాండా, ఇంటి పెద్దను. మీరు కానీండి. ఏమ్మే, దేవుడి పనికి అడ్డం పడ్తావా? పుట్టగతులుంటాయా నీకు?"

"ఉండకపోతే పోనీ మామా. మొగుడుంటే చాలు."

"మాలేస్తే మొగుడు పోతాడా?"

"పోయినసారి పోబోయినాడు గదా. ఒంగోలుకు మోసకపోయింది నేను. నువ్వు ఆటో కూడా ఎక్కలేదు."

కాటమరాజు ముఖం నల్లబడింది. గురుస్వామి చెయ్యెత్తి ఆయన్ను ఆపాడు.

"తల్లీ, నా చేత్తో మాల వేయించుకున్నోడు దీక్షలో తాగినాడని ఎవరూ చెప్పలేదు. నీ భర్త కూడా తాగలేదు."

"తాగలేదు స్వామీ. దీక్షలో ఎప్పుడూ తాగలేదు. నిప్పు లెక్కుంటాడు. తీసిన రోజే తాగుతాడు."

"అది మనిషి బలహీనత. మాల తప్పు గాదు."

"మాల తప్పని నేనూ అనను. తీసే రోజు తప్పు. ఫలానా రోజు తీస్తారని తెలిస్తే ఈయన ఆ రోజు కోసరం ఊపిరి బిగబట్టుకుంటాడు. ఎంతసేపు బిగబడితే అంత గట్టిగా తాగుతాడు. ఇప్పుడు ఈయనకు అట్లాంటి రోజేదీ లేదు. ఈ సాయంత్రం ఒకటే ఉంది. దాన్ని మీరు తీసుకపోతామంటాండారు."

గురుస్వామి వింటున్నాడు. వినే మనిషి దొరికితే సరళకు ధైర్యం ఇంకా పెరిగింది.

"వెయ్యండి స్వామీ మాల. ఇప్పుడే ఇల్లు కడుగుతా. గడపకు పసుపు రాస్తా. మీ కాళ్లకు మొక్కుతా. కానీ తీసే రోజు లేకుండా వెయ్యండి."

మహేష్ అద్దం తుడవడం ఆపాడు.

"అట్లాంటోళ్లు ఉండారు తల్లీ," అన్నాడు గురుస్వామి ఆలోచించి. "బతికినన్నాళ్లు మాల తీయనోళ్లు. తక్కువ మంది. ఉండారు. నాకేం అభ్యంతరం లేదు." ఆయన వీరాంజనేయులు వైపు తిరిగాడు. "ఏం నాయనా? వేసుకుంటావా అట్ల?"

వీరాంజనేయులు కాషాయం పంచె అప్పటికే చేతిలోకి తీసుకొని ఉన్నాడు. అడిగిందే తడవుగా మాట జారిపోయింది.

"తీసే రోజు లేకుంటే ఇంకెందుకు స్వామీ మాల?"

మహేష్ ఫక్కుమని నవ్వబోయి మింగేశాడు. దొడ్లో ఒక గొర్రెపిల్ల తల్లి కోసం అరిచింది. వీరాంజనేయులు అందరి ముఖాల వైపు చూశాడు. తను ఏమన్నాడో అప్పుడు అర్థమైంది. చేతిలోని పంచెను మంచం మీద పెట్టబోతే అది జారి కింద పడింది. వంగి తియ్యలేదు.

గెలిచినందుకు సరళకు సంతోషమేమీ కలగలేదు. ఆ మాట ఇన్నాళ్లు తన ఒక్కదానికే తెలుసు. ఇప్పుడు అతనికీ తెలిసింది. తెలిసినవాడు ఏం చేస్తాడో ఆమె లెక్కలో లేదు.

గురుస్వామి సంచి మూతి బిగించాడు. "నేను పోయొస్తా తల్లీ," అని ఆమెతోనే చెప్పాడు. కాటమరాజుతో చెప్పలేదు. ఆటో కదిలింది.

దాని చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ముసలాయన ఆగాడు. ఆ తర్వాత కోడలి మీదికి వచ్చాడు.

"నలుగుర్లో నా కొడుకు నోటెంబడే ఆ మాట అనిపించినావు. నీ కళ్లు చల్లబడినాయా?"

"అనింది నీ కొడుకు."

"అనిపించింది నువ్వు! పొద్దుగూకే లోపల నీ గుడ్డలు సర్దుకో. యర్రగొండపాలెం బస్సెక్కి మీ నాయన కాడికి పో. ఈ ఇంట్లో ఉండొద్దు."

"పొద్దుగూకితే నాకిక్కడ పనుంది మామా. పోను."

"ఇది నా ఇల్లు."

"నీదే. కాదన్లేదు. పోను."

"నాగేంద్రమ్మ బతికుంటే నీ జుట్టు పట్టి ఈడ్చేది."

"అత్త బతికుంటే నీ కొడుకును చిన్నప్పుడే నాలుగు తన్నేది. ఆమెను ఎంత బతకనిచ్చినావో నన్నడగొద్దు, ఊరినడుగు."

ముసలాయన చెయ్యి లేచింది. సరళ కదల్లేదు, తల పక్కకు తిప్పలేదు. చెయ్యి గాల్లోనే కొంతసేపు ఉండి, దానంతటదే దిగింది.

ఈ మాటలన్నీ వీరాంజనేయులు విన్నాడు. ఈసారి ఏ చప్పుడూ చెయ్యలేదు. పాత లుంగీ కట్టుకున్నాడు. భుజాన గొంగడి వేసుకున్నాడు. కర్ర తీసుకొని దొడ్డి తడిక తీశాడు. మంచు ఆరింది. మందను తోలే వేళయింది.

తడిక ముందు నుంచి రెండు దారులు ఉన్నాయి. ఎడమకు పోతే వాగు. చుట్టు దారి, ముళ్లకంప, రాళ్లు. కుడికి పోతే తారురోడ్డు. మలుపు తిరిగితే బ్రాందీషాపు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి మంద వాగు వెంబడే పోతోంది. అదీ సరళ పెట్టిందే. పెళ్లాం గీసిన గీత అని కాటమరాజు ఎగతాళి చేసేవాడు. దగ్గర దావ పెట్టుకొని జీవాల కాళ్లు విరగ్గొడతాండాడు నా కొడుకు అని రచ్చబండ దగ్గర చెప్పుకునేవాడు.

వీరాంజనేయులు ముందు నడిచే పొట్టేలు మెడ మీద కర్ర ఆనించి, కుడికి తిప్పాడు.

సరళ చూసింది. కాళ్లు పరిగెత్తబోయాయి. ఆపుకుంది. ఇన్నేళ్లూ అతని వెంట పరిగెత్తింది. బ్రాందీషాపు ముందు ఊరంతా చూస్తుండగా రెక్క పట్టి లాగింది. పరిగెత్తి ఒక్కసారి కూడా అతన్ని వెనక్కి తేలేదు. ఇవాళ పరిగెత్తదు. స్తంభాన్ని పట్టుకొని నిలబడింది.

పొట్టేలు వెనక గొర్రెలు, గొర్రెల వెనక పిల్లలు. దుమ్ము లేచింది.

"ఒరేయ్!"

అరిచింది కాటమరాజు.

"ఒరేయ్ ఆంజనేయులూ! ఆ దావన గాదురా! వాగెంబడి పో!"

ఆ గొంతుకు అరిచిన మనిషే ఉలిక్కిపడ్డాడు.

వీరాంజనేయులు ఆగాడు. తల మాత్రం తిప్పాడు.

"ఎందుకు నాయనా? అది నా పెండ్లాం గీసిన గీత గదా?"

కాటమరాజు కోడలి వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు, ఆయనకు సాయం రాలేదు. మంద సాగిపోతూనే ఉంది. ముందు జీవాలు అప్పటికే తారు మీద కాలు పెట్టాయి.

ముసలాయన పంచె ఎగ్గట్టాడు. చెప్పులు లేవు. గట్టు దాటి, కంపలో పడి, మందకు అడ్డంగా పరిగెత్తాడు. రోడ్డు మధ్యకు చేరి రెండు చేతులూ చాపి, "ట్రేయ్! ట్రేయ్! ఎనక్కి!" అని అరిచాడు.

పొట్టేలు నిలబడింది. ముసలివాడి పిలుపు మీద అది ఏనాడూ తిరగలేదు. రోజూ తోలేవాడు ఎవడో దానికి తెలుసు. మెడ తిప్పి వీరాంజనేయులు వైపు చూసింది. దాని వెనక మందంతా ఆగి అటే చూసింది.

అతను ఇంకా పిలవలేదు.